చప్పుడు చేయని కార్డు

"మీకు కావలసింది కంప్యూటరా, పిల్లిపిల్లా భయ్యా?"

కౌంటరు వెనకనుంచి ఆ అమ్మాయి హిందీలో అడిగిన మాటకి మనోజ్‌కుమార్ చెవులు ఎర్రబడ్డాయి. పక్కన నిలబడ్డ అతని తల్లి నూకాలమ్మకి హిందీ అంతంతమాత్రం. పిల్లి అన్న ముక్క మాత్రం అర్థమైంది. ఈ కంప్యూటర్ల షాపులోకి పిల్లి ఎందుకొచ్చిందో అర్థం కాలేదు.

మనోజ్ అడిగింది పెద్ద విషయమేమీ కాదు. "మాది పాత పీసీ. కానీ చప్పుడు చెయ్యదు. దానికో మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. అది కూడా చప్పుడు చెయ్యకూడదు" అన్నాడు. అంతే.

మనోజ్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీలో డ్రాయింగులు గీస్తాడు. కొత్తగా త్రీడీ నేర్చుకుంటున్నాడు. ఇంట్లో ఉన్న పీసీలో ఒక గేరు బొమ్మ గీసి, దాన్ని ఇటునుంచి అటు తిప్పాలంటే ఒక కప్పు టీ తాగి రావచ్చు. కార్డు మారిస్తేగాని లాభం లేదని ఆ ఆదివారం స్కూటర్ తీశాడు.

తల్లి వెనకాలే బయల్దేరింది. ఒంటరిగా వెళితే మోసపోతాడని ఆమె భయం. మోసపోకపోయినా సుపేలా రైల్వే గేటు దగ్గర లారీ గుద్దేస్తుందని భయం. లారీ తప్పినా వానలో తడిసి జ్వరం పడతాడని భయం. స్కూటర్ వెనక సీట్లో తను కూర్చున్నంత మాత్రాన లారీ ఎందుకాగుతుందో, వాన ఎందుకు తగ్గుతుందో ఆమె ఆలోచించలేదు.

ఇప్పుడు కొడుకు చెవిలో తెలుగులో గొణిగింది. "ఏటిరా దీని నోరు! మొహంలోనే మోసం కనిపిస్తంది. పద, మరో షాపు చూద్దాం."

"మోసం సెయ్యను ఆంటీ" అంది ఆ అమ్మాయి, అచ్చం ఆమెలాగే పలాస తెలుగులో. "కూకోండి. ఇది మా మావయ్య చిన్నారావు గారి షాపు. నా పేరు భాగ్యరేఖ. మాదీ అటుపక్కే."

నూకాలమ్మ నాలిక కరుచుకుంది. మనోజ్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగి, గోడకున్న కీబోర్డుల వైపు చూడసాగాడు.

"చప్పుడు చేస్తే ఏమవుతుంది?" భాగ్యరేఖ ఈసారి నిజంగానే అడిగింది.

"మా నాన్నగారు స్టీల్ ప్లాంటు రైల్ మిల్లులో. వారం విడిచి వారం నైట్ షిఫ్ట్. పగలు పడుకుంటారు. మిల్లులో అంత మోతలో నిలబడతారా, ఇంట్లో చెంచా పడితే లేచి కూర్చుంటారు. అందుకే పీసీలో పెద్ద ఫ్యాన్ పెట్టి నెమ్మదిగా తిరిగేలా చేశాను. హార్డ్‌డిస్క్ కింద సైకిల్ ట్యూబు ముక్కలు వేశాను."

భాగ్యరేఖ మొహంలో వెటకారం పోయింది. "మా నాన్నగారిదీ అదే ప్లాంటు, కోక్ ఒవెన్స్‌లో షిఫ్టులు. చిన్నప్పుడు ఇంట్లో నన్ను కాళ్ళకి పట్టీలు పెట్టుకోనిచ్చేవారు కాదు" అంది.

ఆ మాటకి మనోజ్ తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు. ఆమె వెంటనే అట్టపెట్టెలు కౌంటరు మీద పరిచేసింది.

"చూడండి. ఈ చిన్న కార్డు చప్పుడు చెయ్యదు, కానీ మీ త్రీడీ బొమ్మని లాగలేదు. ఈ పెద్దది లాగుతుంది. కానీ దీని ఫ్యాన్ ఆంటీ మిక్సీలా అరుస్తుంది. మీ పాత పవర్ సప్లై దీన్ని మొయ్యలేదు కూడా."

"మధ్యది?"

"మధ్యదానికి చిన్న ఫ్యానుంది. చిన్నవే ఎక్కువ గోల చేస్తాయి."

"ఫ్యాన్ లేని మధ్యది లేదా?"

"ఉంటుంది. ఫ్యాన్ బదులు అల్యూమినియం రెక్కలుంటాయి. వేడిని అవే పీల్చేస్తాయి. కానీ మీ బోర్డుది పాత ఏజీపీ స్లాటు. కొత్త కార్డులన్నీ వేరే స్లాటుకి వస్తున్నాయి. మీ దానికి సరిపడేది రాయ్‌పూర్ నుంచి తెప్పించాలి. వారం తరవాత రండి."

"రేపు రానా?"

"వారం అన్నాను కదా భయ్యా."

"ఒకవేళ ముందే వస్తే..."

"ఎవరు? కార్డా, మీరా?"

మనోజ్ తల్లిని తీసుకుని బయటపడ్డాడు. దారి పొడుగునా స్కూటర్ మీద ఒక్కడే నవ్వుకుంటున్నాడు. వెనక కూర్చున్న నూకాలమ్మకి అతని వీపు అదరడం తెలిసి, అప్పుడే చలిజ్వరం మొదలైందనుకుంది.

మర్నాడు సాయంత్రం మనోజ్ షాపుకి వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. వారం గడిచింది. మరో వారం గడిచింది. వెళుతూనే ఉన్నాడు. ఇంటికి కార్డు మాత్రం రాలేదు.

"ఇయ్యాలేటిరా?" అని తల్లి అడిగేది.

"పవర్ సప్లై మీద ఎన్ని వాట్లని రాసుందో చూసి రమ్మంది."

మర్నాడు క్యాబినెట్ కొలతలు కావాలంది. ఆ తరవాత వెనక ఫ్యాన్ గాలిని బయటికి తోస్తోందా, లోపలికి లాగుతోందా అని అడిగింది. ఫ్యాన్ లేని కార్డు చల్లగా ఉండాలంటే అది తెలియాలట.

"అన్నీ ఒక్కసారే అడగొచ్చు కదరా ఆ పిల్ల?"

"కంప్యూటరంటే అంతేనమ్మా. స్టెప్ బై స్టెప్. నువ్వు టెన్షన్ తీసుకోకు."

టెన్షన్ తీసుకోకు అంటే నూకాలమ్మకి టెన్షన్ రెట్టింపవుతుంది. కొడుకు రాత్రి అన్నం సగమే తింటున్నాడు. షర్టుకి బండిమీద వేయించే పెసర ముంగోడీల నూనె వాసన. వానలో తడిసి వచ్చి, తల తుడుచుకోమంటే వినకుండా కిటికీ దగ్గర నిలబడి వాననే చూస్తున్నాడు. బాగున్న మనిషెవడైనా, తనని తడిపిన వానని మళ్ళీ చూస్తాడా?

పక్క క్వార్టరులో ఉండే విమలకుమారితో చెప్పుకుంది. ఇద్దరూ పెరటి గోడకి చెరోవైపు నిలబడి గుసగుసలాడుతున్నారు, నూకాలమ్మ భర్త గురునాథరావు ఇంట్లో నిద్రపోతున్నాడు కనక.

"తిండి తగ్గింది. పిలిస్తే పలకడు. ఒక్కడే నవ్వుతున్నాడు. తలలో ఏదైనా గడ్డేమో వదినా?"

విమలకుమారి నవ్వింది. "గడ్డా పాడా! ప్రేమేమో చూసుకో నూకాలమ్మా."

"ప్రేమా?" నూకాలమ్మ నిట్టూర్చింది. "అంతటి అదృష్టమా! ఆడపిల్ల ఎదురైతే చెప్పులేసుకోడం మరిచిపోయే రకం వాడు. నా భయాలు నాకున్నాయిగాని, లేనిపోని ఆశలు పెట్టకు వదినా."

అదే వారంలో ఒక సాయంత్రం గట్టిగా వాన పట్టింది. గేటు దగ్గర లారీ ఒకటి రోడ్డు దిగి పడుందని ఎవరో చెప్పుకుంటూ పోయారు. మనోజ్ వచ్చేదాకా నూకాలమ్మ గుమ్మంలోంచి కదల్లేదు. అతను వచ్చాడు. నిలువునా తడిసి, నవ్వుతూ వచ్చాడు. చేతిలో కార్డు లేదు.

ఆ క్షణాన ఆమె ఒక నిర్ణయానికొచ్చింది. ఆ కార్డేదో తనే తెచ్చిపడేస్తే వీడికి షాపుతో పనుండదు. షాపుతో పని లేకపోతే గేటుతో పనుండదు. గేటుతో పని లేకపోతే లారీలతో పనుండదు.

మర్నాడు కొడుకు డ్యూటీకి వెళ్ళగానే, దాచుకున్న డబ్బు తీసుకుని టెంపో ఎక్కింది.

షాపులో రద్దీగా ఉంది. భాగ్యరేఖ ఒకరికి బిల్లు రాస్తూ, మరొకరికి మౌసు చూపిస్తూ, "ఒక్క నిమిషం భయ్యా, ఇదిగో భయ్యా" అంటోంది. నూకాలమ్మని చూడగానే మొహం విప్పారింది. చూపు మాత్రం ఆమె భుజం మీదుగా గుమ్మం వైపు వెళ్ళింది. అక్కడెవరూ లేరు.

"రండాంటీ. ఆయన రాలేదా?"

"డ్యూటీకెల్లాడు. వాడు చూస్తన్న కార్డు ఇచ్చేయమ్మా. పట్టుకుపోతాను."

భాగ్యరేఖ చేతిలో పెన్ను ఆగింది. "ఆయనే పంపారా?"

కొడుక్కి చెప్పకుండా వచ్చానంటే చిన్నతనంగా ఉంటుంది. నూకాలమ్మ కాస్త బింకంగా కూర్చుని, నోటికొచ్చింది చెప్పేసింది. "అవునమ్మా. రోజూ రాలేక వాడికి విసుగొచ్చేసింది. నువ్వెళ్ళి తెచ్చేయమ్మా, మళ్ళీ అటు తిరగక్కర్లేకుండా పనైపోద్దీ అన్నాడు."

"అలా అన్నారా?"

"అన్నాడు మరి. వాడిక్కూడా పన్లుంటాయి కదమ్మా."

భాగ్యరేఖ పెన్ను పక్కన పెట్టింది. అలమారా తెరవలేదు, పెట్టెలు వెతకలేదు. తన కుర్చీ కింది సొరుగు లాగి, లోపలినుంచి ఒక పెట్టె తీసింది. అందులో ఫ్యాన్ లేని కార్డు ఉంది. నిండా వెండిరంగు రెక్కలు. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తడవకుండా ఇంకో కవర్ చుట్టి ఇచ్చింది.

"వెనక ఫ్యాన్ బయటికే తోస్తోంది కాబట్టి వేడెక్కదని చెప్పండి" అంది. ఆ చివరి ముక్కకి గొంతు కొంచెం జీరబోయింది. నూకాలమ్మకి అది వాన జలుబులా అనిపించింది. పసుపు పాలు తాగమని చెప్పి మరీ వచ్చింది.

సాయంత్రం మనోజ్ ఇంట్లోకి రాగానే తల్లి పెట్టెని బల్లమీద పెట్టింది, పండగపూట పట్టుచీర పెట్టినట్టు.

"నువ్వు ఇన్నాళ్ళు తిరిగినా కాని పని, ఒక్క పూటలో చేసుకొచ్చాను చూడు!"

మనోజ్ పెట్టెని చూశాడు. తల్లిని చూశాడు. కుర్చీలో కూలబడ్డాడు.

"ఏటిరా, తప్పుదా? మార్చేయమందునా?"

"ఇదేనమ్మా. ఇదే సరైనది."

"మరి అలా మొహం వేలాడేశావేటి? ఒరే, నీకో సంగతి తెలుసా? ఆ పిల్ల నేననుకున్నంతా చేసింది. కార్డు రాలేదు, రాలేదు అందా? కుర్చీ కింద సొరుగులోనే ఉంది! వెతకను కూడా వెతకలేదు. చెయ్యెట్టి తీసేసింది. ఎన్నాళ్ళనుంచి దాచిందో ఏటో. దొంగది!"

మనోజ్ దిగ్గున లేచి నిలబడ్డాడు. "దాచిందా? నిజంగా దాచిందా? నువ్వు చూశావా?"

"నా కళ్ళతో చూశాను."

అతని మొహంలో కరెంటొచ్చినట్టయింది. తల్లి రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పబోయాడు. మోసపోయినవాడు గంతులెయ్యడం చూసి నూకాలమ్మకి నిజంగానే భయం పట్టుకుంది. తలలో గడ్డే.

"అమ్మా, నువ్వేమన్నావు? తనేమంది? అంతా చెప్పు."

చెప్పింది. విసుగొచ్చేసిందన్న ముక్క దగ్గరికి వచ్చేసరికి మనోజ్ చేతులు జారిపోయాయి.

"మళ్ళీ అటు తిరగక్కర్లేదు అన్నానని చెప్పావా?"

"మాటవరసకి అన్నానురా."

"అమ్మా, ఆ కార్డు ఆకాశగంగ మార్కెట్లో ఇంకో షాపులో ఉంది. మొదటివారమే చూశాను. ఎందుకు కొనలేదనుకున్నావు? కొంటే తనని చూడ్డానికి ఇంకేం వంక ఉంది?"

నూకాలమ్మకి సంగతి ఇప్పుడర్థమైంది. వీడు కొనకుండా తిరిగాడు, అది అమ్మకుండా దాచింది. ఇద్దరూ అంత కష్టపడి నిలబెట్టుకున్నదాన్ని తను టెంపో ఎక్కి వెళ్ళి, డబ్బిచ్చి మరీ కూల్చి వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, షాపులో మౌసు కొన్నవాణ్ణి, బిల్లు కట్టినవాణ్ణి అందర్నీ భయ్యా అన్న ఆ పిల్ల, తన కొడుకుని మాత్రం 'ఆయన' అంది.

మర్నాడు మనోజ్ ధైర్యం చేసి షాపుకి వెళ్ళాడు. ఎంతోసేపు ఉండలేదు.

"ఏటందిరా?"

"'ఇంకేం కావాలి భయ్యా?' అంది."

నూకాలమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "మళ్ళీ భయ్యా అనేసిందా!"

"రెండుసార్లు."

కార్డు పీసీలో పెట్టాడు. గేరు బొమ్మ ఇప్పుడు వేలితో తోసినట్టు గిర్రున తిరిగింది. పీసీ ముందులాగే కిమ్మనలేదు. మనోజ్ కూడా కిమ్మనలేదు. ఇంట్లో చప్పుడు లేకపోవడం నూకాలమ్మకి అలవాటే. కానీ ఈ చప్పుడు లేకపోవడం వేరు. దీన్ని భరించడం ఆమెవల్ల కాలేదు.

ఆదివారం పొద్దున్న విమలకుమారి ఇంటికి వెళ్ళి షాపుకి ఫోన్ చేసింది.

"అమ్మా, నేను మనోజ్ వాళ్ళమ్మని. మీ కార్డు మోగిపోతంది."

అవతల భాగ్యరేఖ గొంతు పెరిగింది. "ఏమిటాంటీ? మోగుతోందా? ఫ్యాన్ లేని కార్డా?"

"ఏమో తల్లీ, గుయ్యిమంటంది. మీ అంకుల్ నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకోలేకపోతన్నారు."

"అది మోగడానికి అందులో తిరిగేదే లేదాంటీ!"

"అయితే నేను అబద్ధమాడతన్నానా? వచ్చి విను." ఫోన్ పెట్టేసి, అబద్ధం చెప్పిన నోటిని కొంగుతో తుడుచుకుంది. రెండు అబద్ధాలు. మొదటిది నోరుజారి చెప్పింది, ఇది బాగా ఆలోచించి చెప్పింది.

మరి ఆ పిల్ల రాకపోతే? వచ్చి కోప్పడితే? దార్లో గేటు దగ్గర ఏదైనా అయితే? అమ్మో, ఇప్పుడు ఇద్దరి కోసం భయపడాలి కాబోలు!

వాన తుంపరగా పడుతుండగా భాగ్యరేఖ వచ్చింది. చేతిలో స్క్రూడ్రైవరు, మొహంలో పంతం. తను ఏరికోరి తీసిన కార్డుకి పేరు పెడితే ఆమె ఊరుకోదు. గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి, లోపలి గది గుమ్మానికి దింపిన పరదా చూసి, నూకాలమ్మ నోరు విప్పకముందే గొంతు తగ్గించేసింది. "అంకుల్ పడుకున్నారా?"

నూకాలమ్మ తలూపింది. ముందు గదిలో పీసీ దగ్గర కూర్చున్న మనోజ్, ఆమెని చూసి లేచే తొందరలో కుర్చీని పడెయ్యబోయి పట్టుకున్నాడు. అతనికి ఈ సంగతేమీ తెలియదు.

"టీ పెడతాను" అని నూకాలమ్మ వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్ వెలిగించలేదు. తలుపు వారన నిలబడింది.

భాగ్యరేఖ క్యాబినెట్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఆనించింది. గుసగుసగా అడిగింది. "ఏదీ చప్పుడు?"

"ఏ చప్పుడు?"

"కార్డు మోగుతోందని ఆంటీ ఫోన్ చేశారు."

మనోజ్ వంటింటి వైపు చూశాడు. తలుపు వార నుంచి చీర అంచు చటుక్కున లోపలికి పోయింది.

"అమ్మ అబద్ధం చెప్పింది" అన్నాడు. అతనిదీ గుసగుసే. "ఆ రోజు షాపులో చెప్పింది కూడా అబద్ధమే. నాకు విసుగు రాలేదు. నేను పంపలేదు."

"మరి అన్నాళ్ళు తిరిగి ఎందుకు కొనలేదు? ఆకాశగంగలో ఉంది కదా అదే కార్డు."

"మీకెలా తెలుసు?"

"తెలుసు. మీకు తెలిసిపోతుందేమోనని రోజూ భయపడ్డాను."

"మీరెందుకు సొరుగులో దాచారు?"

భాగ్యరేఖ స్క్రూడ్రైవరుని అటూ ఇటూ తిప్పింది. "ఇచ్చేస్తే మళ్ళీ రారని."

వంటింట్లో నూకాలమ్మ తలుపు వారకి ఇంకాస్త జరిగింది. ఇంత మంచి మాట తరవాత ఏదో చెడు జరిగి తీరాలని ఆమె అనుభవం. "ఇప్పుడు వాళ్ళ మావయ్య కర్రుచ్చుకుని వస్తాడు" అనుకుంది.

"చిన్నారావు గారికి తెలుసా?" మనోజ్ కూడా అదే అడిగాడు.

"ఫ్యాన్ లేని కార్డు మోగుతోందట మావయ్యా, చూసొస్తానన్నాను. తలెత్తకుండా, 'వెళ్ళు, వెళ్ళు. సొరుగులో అన్నాళ్ళు కాపలా కాశావు కదా, దాని ఆరోగ్యం చూసిరా. మీ నాన్నతో నేను మాట్లాడతాలే' అన్నారు."

మనోజ్ నవ్వాడు. ఆమె చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసి బల్ల మీద పెట్టాడు. దగ్గరికి వంగి ఏదో అన్నాడు. ఆ మాట వంటింటి దాకా రాలేదు. నూకాలమ్మ మెడ ఎంత చాచినా వినిపించలేదు. భాగ్యరేఖ తల దించుకోవడం మాత్రం కనిపించింది. అది ఒప్పుకోవడమో, ఏడవడమో తెలియక ఆ తల్లి ప్రాణం కొట్టుమిట్టాడింది.

అప్పుడు పరదా వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఒరే మనోజూ."

ముగ్గురూ కొయ్యబారిపోయారు.

"ఆ ఆఖరి ముక్క వినపళ్ళేదురా. అక్కడిదాకా అన్నీ బాగానే వినిపించాయి. కాస్త గట్టిగా చెప్పు."

"నాన్నా, మీకు నిద్ర..."

"నిద్రెలా పడద్దిరా? అరుపులైతే మిల్లులో రోజూ వింటాను. ఇంట్లో ముగ్గురు మూడు మూలల్లో ఇలా గుసగుసలాడితే ఏ తండ్రికి నిద్ర పడద్ది? చెప్పు!"

మనోజ్ వెనక్కి తిరిగాడు. వంటింటి గుమ్మంలోకి వచ్చేసిన తల్లిని చూశాడు. ఆమె, చెప్పమన్నట్టు రెండు చేతులూ ఊపుతోంది.

"భాగ్యా!" అన్నాడు, పట్టపగలు ఆ ఇంట్లో ఎన్నడూ వినిపించనంత గట్టిగా. "వంకలు అయిపోయాయి. నువ్వంటే నాకిష్టం. నిన్ను పెళ్ళి చేసుకుంటాను. నీకిష్టమైతేనే!"

పెరటి గోడ అవతల విమలకుమారి తోముతున్న గిన్నె చప్పుడు ఆగిపోయింది. నూకాలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏం ముంచుకొస్తుందోనని వెతికింది. ఎంత వెతికినా ఒక్క భయమూ చేతికి దొరకలేదు.

"అదీ! మరి ఆ అమ్మాయేటంటది?" పరదా వెనకనుంచి మళ్ళీ గొంతు.

భాగ్యరేఖ లేచి నిలబడింది. చున్నీ సర్దుకుంది. మనోజ్ వైపు చూడకుండా, పరదా వైపు తిరిగి మెల్లిగా అడిగింది.

"నేను కూడా గట్టిగానే చెప్పాలా, మావయ్యా?"

లోపల మంచం కిర్రుమంది. గురునాథరావు పెద్దగా నవ్వాడు.

"అక్కర్లేదమ్మా. వినిపించేసింది."